కొండ అవతలి వారెంటు

స్లేట్ వాగు లోయలో ఎవరు పోయినా మొదటి కబురు ఎస్టిల్ కాడిల్‌కే వెళ్ళేది. పాదిరికంటే ముందు, పెట్టె చేసే వడ్రంగికంటే ముందు. గొయ్యి తవ్వడంలో ఆయన్ని మించినవాడు ఆ కెంటకీ కొండల్లో లేడు. ఇరవై రెండేళ్ళు బొగ్గుగనిలో భూమి కడుపు తవ్వినవాడికి ఆరడుగుల గొయ్యి ఒక లెక్కా అని జనం వేళాకోళం ఆడేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. గని ఆయన ఊపిరితిత్తుల్లో సగం మింగేసింది గాని చేతుల జోలికి పోలేదు.

ఆ లోయలో ఒక కట్టడి ఉంది. తవ్విన గొయ్యిని ఒంటరిగా వదలకూడదు. పూడ్చేదాకా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, వాన పడనీ, మంచు కురవనీ. ఎస్టిల్ తన అరవై ఏళ్ళ జీవితంలో అరవై మూడు గోతుల పక్కన అలా కూర్చున్నాడు. వాటిలో ఒక గొయ్యి ఆయన కొంప ముంచింది.

ఆయన ఇంటి వెనక కొండ ఎక్కితే శిఖరం మీద కెంటకీ అయిపోతుంది. అవతలి వాలు వర్జీనియా, ఇంకో రాష్ట్రం. ఆ వాలులోనే ఆయన మామ భూమి, మామవాళ్ళ వంశమంతా పడుకున్న శ్మశానం. భూమి ఎప్పుడో ప్రభుత్వ అడవిలో కలిసిపోయింది, శ్మశానం ఒక్కటీ మిగిలింది. ఏటా ఆకురాలే కాలంలో ఎస్టిల్, భార్య డెల్ఫియా కొండెక్కి దిగి, సమాధుల మీద గడ్డి పీకి, తిరిగి వచ్చేటప్పుడు మందుకి మంచి ధర పలికే జిన్సెంగ్ దుంపలు నాలుగు తవ్వుకొచ్చేవారు. అక్కడి మొక్కలు మామ తన చేత్తో గింజలు నాటి పెంచినవే. ఎస్టిల్ కూడా దుంప తీసిన ప్రతిచోటా ఎర్రటి పండొకటి బొటనవేలితో మట్టిలోకి నొక్కిగాని పైకి లేచేవాడు కాదు. ఇందులో దొంగతనం ఎక్కడుందో ఆయనకి ఈనాటికీ అర్థం కాలేదు. అడవి అధికారికి మాత్రం బాగా అర్థమైంది. ఆరేళ్ళ కిందట ఆయన సంచిలో పదకొండు దుంపలు చూసి, అనుమతి కాగితం లేదని చీటీ రాసి చేతిలో పెట్టాడు. ఫలానా మంగళవారం వర్జీనియా వైపున్న రెన్‌ఫ్రో కౌంటీ కోర్టుకి రావాలని దాని సారాంశం.

సరిగ్గా ఆ సోమవారమే లోయలో ఒక ముసలాయన పోయాడు. మంగళవారం ఎస్టిల్ గొయ్యి తవ్వి, బంధువులు వచ్చి బుధవారం పూడ్చేదాకా దాని పక్కన కూర్చున్నాడు. కోర్టు ఉందని గొయ్యిని వదిలేసి పోయే మనిషి కాడాయన. గురువారం నాడు ఉతికిన చొక్కా వేసుకుని కొండ దాటి, మూడు మైళ్ళు నడిచి కోర్టుకి వెళ్ళాడు. రోడ్డున పోతే డెబ్బై మైళ్ళ చుట్టు. చేరేసరికి సాయంత్రం అయింది, గదులకి తాళాలు పడ్డాయి. వరండాలో ఒకాయన నేల తుడుస్తున్నాడు. ఎస్టిల్ టోపీ తీసి ఆయనతోనే చెప్పాడు.

"అయ్యా, నా పేరు ఎస్టిల్ కాడిల్. మంగళవారం రావాల్సింది, గొయ్యి తవ్వుతూ రాలేకపోయా. జడ్జిగారికి చెప్పండి, ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా. స్లేట్ వాగులో ఉంటా, కబురు చేస్తే చాలు."

"చెప్తాలే పెద్దాయనా," అన్నాడు ఆ మనిషి. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

అంతే. స్లేట్ వాగులో కొట్టు దగ్గర చెప్పిన మాట రిజిస్టరు ఉత్తరంతో సమానం. కోర్టయినా మనుషులదే కదా అనుకున్నాడు ఎస్టిల్. ఏడాది చూశాడు, రెండేళ్ళు చూశాడు. కబురు రాలేదు. జడ్జి పెద్దమనసున్నవాడు, వదిలేసి ఉంటాడు అనుకుని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. కోర్టుకి రాలేదని ఆ మంగళవారమే తన పేర వారెంటు పుట్టిందనీ, అది ఆరేళ్ళుగా కంప్యూటర్లలో బతికే ఉందనీ ఆయనకి ఎవరు చెప్తారు?

ఈ ఏడు ఆకులు రంగు తిరిగేసరికి డెల్ఫియా మంచం పట్టింది. కాలేయంలో రాచపుండు, ఒళ్ళంతా పాకింది. ఇంటికి వచ్చి చూసే నర్సు, రెండు వారాలు అని వేళ్ళతో చూపించి వెళ్ళింది. డెల్ఫియా ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"మా అమ్మ పోయినప్పుడు మేమంతా పొగాకు చేలో ఉన్నాం. ఇంట్లో ఒక్కతే పోయింది. నన్నలా పంపకయ్యా. నేను పోయేటప్పుడు నీ చెయ్యి నా చేతిలో ఉండాల."

"నేనెక్కడికి పోతానే? వాగు దాటేసరికే ఆయాసమొచ్చే ముసలి గుర్రాన్ని."

"ఒట్టెయ్యి."

ఆయన ఒట్టేశాడు.

ఆ శుక్రవారం నొప్పి మందు అయిపోతే డెల్ఫియా చెల్లెలు వెస్టాని పక్కన కూర్చోబెట్టి, ఎస్టిల్ పట్నం వెళ్ళి మందు తీసుకుని తిరిగి వస్తున్నాడు. ట్రక్కు వెనక దీపం ఒకటి వెలగడం లేదని పోలీసు డెప్యూటీ గార్లండ్ ఆపాడు. గార్లండ్ తెలిసినవాడే. వాళ్ళ నాన్న గొయ్యి కూడా ఎస్టిల్ తవ్విందే. దీపం సంగతి చెప్పి పంపేద్దామనే ఆపాడు పాపం. కాని అలవాటుకొద్దీ పేరు కంప్యూటర్లో కొట్టాడు. కొట్టి, తన కారులోనే చాలాసేపు కూర్చుండిపోయాడు.

"బాబాయ్, వర్జీనియాలో నీ మీద వారెంటుంది."

"నా మీదా? ఎందుకురా?"

"జిన్సెంగ్ అంట. కోర్టుకి పోలేదంట."

"పోయానురా! చెప్పొచ్చాను కూడా."

"ఎవరికి చెప్పావు?"

నేల తుడిచేవాడికి అని చెప్పాల్సి వస్తే ఎంత వెర్రిగా ఉంటుందో అప్పుడు తెలిసింది ఎస్టిల్‌కి.

"గార్లండ్, మీ పిన్ని చావుబతుకుల్లో ఉందిరా. ఆవిడ పోయాక నేనే వచ్చి నీ కారెక్కుతా. నా మాట మీద వదిలెయ్."

"పేరు కొట్టేశాను బాబాయ్. అటు వర్జీనియా వాళ్ళకి నువ్వు దొరికావని కబురు పోయింది. ఇప్పుడు వదిలితే నా ఉద్యోగం పోద్ది." ఆ మాట అంటున్నప్పుడు గార్లండ్ ఎస్టిల్ మొహం చూడలేదు. మందు సీసా మాత్రం తానే తీసుకెళ్ళి వెస్టా చేతికిచ్చాడు. ఆ మేరకు మనిషే.

శని, ఆదివారాలు పట్నం జైల్లో ఉంచి, సోమవారం ఇక్కడి జడ్జి ముందుకి తీసుకెళ్ళారు. ప్రభుత్వం తరఫున ఇచ్చిన లాయరమ్మ, చంకలో ఇరవై ఫైళ్ళు పెట్టుకుని, నిలబడే రెండు నిమిషాలు మాట్లాడింది. ఒక రాష్ట్రం నేరస్తుణ్ణి ఇంకో రాష్ట్రం ఊరికే ఎత్తుకుపోకూడదు. వాళ్ళు అడగాలి, వీళ్ళు పరీక్షించి అప్పగించాలి. ఆ తతంగమేమీ వద్దు, నేనే వస్తానని కావాలంటే సంతకం పెట్టొచ్చు.

"సంతకం పెట్టకండి," అంది లాయరమ్మ. "బెయిలు అడుగుతాను. నాలుగైదు రోజులు పట్టొచ్చు. సంతకం పెడితే ఇక బెయిలుండదు, వాళ్ళొచ్చేదాకా లోపలే."

"పెడితే ఎప్పుడొస్తారమ్మా?"

"రెండ్రోజుల్లో రావచ్చు. పది రోజులదాకా గడువుంది."

రెండు రోజులు అన్న మాటే ఎస్టిల్ చెవిన పడింది. కొండ అవతల మూడు మైళ్ళే కదా. వాళ్ళొస్తారు, తీసుకెళ్తారు, జడ్జికి నాలుగు మాటలు చెప్పుకుంటే బుధవారానికి డెల్ఫియా దగ్గరుంటాను. వస్తామన్నవాళ్ళు రాకపోవడమనేది ఆయన ఎరిగిన లోకంలో లేదు. లాయరమ్మ వద్దంటున్నా పెన్ను అందుకుని, పేరు పొడుగునా రాశాడు. పెళ్ళినాడు రాసిందాని తర్వాత అంత శ్రద్ధగా ఆయన సంతకం చేసింది అప్పుడే.

బుధవారం ఎవరూ రాలేదు. వాళ్ళ బండి చెడిందట. గురువారం అడిగితే, ఖైదీల్ని తెచ్చే డెప్యూటీ సెలవులో ఉన్నాడట. శుక్రవారం ఇంకో మాట. ఖైదీల్ని మోసే కంపెనీ బండి ఒకటి దారిపొడుగునా జైళ్ళన్నీ తిరుగుతూ వస్తోందట, ఇప్పుడు మిస్సోరిలో ఉందట. మిస్సోరి! జైలు వెనక కిటికీలోంచి చూస్తే ఆ కొండ శిఖరం కనిపిస్తోంది. దాని అవతల కోర్టు. ఆ కోర్టుకి మనిషిని చేర్చే బండి అయిదువందల మైళ్ళ అవతలినుంచి బయల్దేరి రావాలట. విన్నవాడికి నవ్వొస్తుంది. పడ్డవాడికి పిచ్చెక్కుతుంది.

అదే గదిలో టాకెట్ అనే కార్ల దొంగ ఉన్నాడు. వాడికి ఇదంతా వినోదం.

"కిందటిసారి నేను మూడు కార్లు కొట్టేస్తే టెన్నెసీవాళ్ళు రెండో రోజే వచ్చి ఎత్తుకుపోయారు పెద్దాయనా, పెళ్ళికొడుకుని తీసుకెళ్ళినట్టు. నువ్వు దుంపలు తవ్వావు. నీకోసం పెట్రోలు ఎవడు తగలేస్తాడు? ఈసారి ఏదన్నా గట్టి పని చెయ్యి."

"నోరుముయ్యరా."

"కోపమెందుకు? నిన్ను దొంగలెత్తుకుపోయినా మర్నాడు తెచ్చి దించేసిపోతారని చెప్తున్నా."

శనివారం గార్లండ్ చూడ్డానికి వచ్చాడు. ఎస్టిల్ కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి ఆయన తిండి మానేసి రెండు రోజులైంది.

"ఒరే, వాళ్ళు రాకపోతే మనమే పోదాం. సంకెళ్ళెయ్యి, నడిపించుకుపో. కొండమీంచి దారి నేను చూపిస్తా. మధ్యాహ్నానికి వాళ్ళ జడ్జి ముందుంటాం."

"శిఖరం దాటితే నేను పోలీసుని కాదు బాబాయ్. మామూలు మనిషిని తుపాకితో పట్టుకుపోతున్న ఇంకో మామూలు మనిషినవుతా. నన్నే లోపలేస్తారు."

"పోనీ ఒక్క పూట ఇంటికి తీసుకెళ్ళు. చూసి వస్తా."

"జైలరుని అడిగా. నువ్వు మా ఖైదీవి కాదంట, వాళ్ళ ఖైదీవంట. వాళ్ళనడక్కుండా బయటికి పంపకూడదంట."

"వాళ్ళనడుగు మరి!"

"అడిగా. ఇంకా మా చేతికి రాలేదు, మా ఖైదీ ఎట్లా అవుతాడంటున్నారు."

విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. ఇక్కడ అది కూడా కాదు. కప్ప చేతులు జోడించి నన్ను మింగు తల్లీ అంటోంది, పాముకి తీరిక లేదు. ఎస్టిల్ ఆ రోజు మొదటిసారి గట్టిగా అరిచాడు. అరిచేంత ఊపిరి ఎక్కడిది ఆయనకి? దగ్గు తెర వచ్చి నేలమీద కూలబడ్డాడు. టాకెట్ మంచినీళ్ళు తెచ్చి తాగించాడు. ఆ తర్వాత వాడు వేళాకోళం మానేశాడు.

మంగళవారం పొద్దున వెస్టా నుంచి కబురొచ్చింది, ఫోను చెయ్యమని. జైలు ఫోనులో పదిహేను నిమిషాలే మాట్లాడనిస్తారు. మొదటి అయిదు నిమిషాలు వెస్టా ఏడుపుతోనే పోయాయి.

"బావా, నిన్నే అడుగుతోంది. కళ్ళు తెరిస్తే నువ్వే, మూస్తే నువ్వే. జైల్లో ఉన్నావని చెప్పలేదు. ఏం చెప్పమంటావు?"

"ఫోను చెవి దగ్గర పెట్టమ్మా."

కొంతసేపు ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపించింది. గనిలో కప్పు కూలి ఇరుక్కున్నవాళ్ళ ఊపిరి అలా ఉంటుంది. ఎస్టిల్ దాన్ని ఎరుగును.

"ఎక్కడున్నావయ్యా?" అంది డెల్ఫియా.

"కొండ మీదున్నానే. మీ నాన్న కొండ మీద. వచ్చేస్తున్నా."

"సాంగ్ పండిందా?"

ఆ కొండల్లో జిన్సెంగ్‌ని అలాగే అంటారు.

"పండింది. ఆకులు పసుప్పచ్చ, పళ్ళు ఎర్రగా. చూడాలి నువ్వు."

"పళ్ళు నాటి రా."

"ఒక్కోటీ నాటుతున్నా. అందుకే ఆలస్యం."

"చెయ్యి ఇయ్యి," అంది. తర్వాత వెస్టాతో కాబోలు, "ఇదెవరి చెయ్యి? ఇది ఆయనది కాదు," అంది.

ఎస్టిల్ ఫోను మీద నుదురు ఆనించాడు. ఏదో అనబోయాడు. అంతలో ముందే రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు ఒకటి మధ్యలో దూరి, మీకు ఇంకా ఒక్క నిమిషం ఉంది అంది. ఆ నిమిషంలో ఆయన, వస్తున్నా డెల్ఫీ, వస్తున్నా, అని ఎన్నిసార్లు అన్నాడో. ఫోను తెగిపోయాక కూడా అంటూనే ఉన్నాడని టాకెట్ తర్వాత ఎవరితోనో చెప్పాడు.

ఆ మధ్యాహ్నం డెల్ఫియా పోయింది, కబురు చీకటిపడేలోగా జైలుకి చేరింది. చెయ్యి పట్టుకున్నది వెస్టాయే.

గురువారానికి పది రోజుల గడువు తీరింది. పొద్దున జైలరు తలుపు తీసి, "రెన్‌ఫ్రోవాళ్ళు నీకోసం రావడంలేదంట, ఇంత చిన్న కేసుకి వద్దనుకున్నారంట, వెళ్ళు" అన్నాడు. "వారెంటు మాత్రం తియ్యలేదు. ఈసారి ఎక్కడన్నా ఆపితే మళ్ళీ పట్టుకోవాల్సిందే. జాగ్రత్త." పట్టుకున్న శుక్రవారంనుంచి లెక్కేస్తే పధ్నాలుగో రోజు అది. బయట గార్లండ్, డ్యూటీ బట్టలు లేకుండా, సొంత ట్రక్కు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు పూడ్చారు?" అని అడిగాడు ఎస్టిల్.

"పూడ్చలేదు. బుధవారం పొద్దున్నే తవ్వారు. నీకు గురువారం గడువు తీరుద్దని చెప్పా. వెస్టా పిన్ని ఎవర్నీ పూడ్చనివ్వలేదు. నిన్నటినుంచి వంతులేసుకుని గొయ్యి పక్కన కూర్చుంటున్నారు."

ఎస్టిల్ ట్రక్కు తలుపు పట్టుకుని ఆగిపోయాడు. అరవై మూడు గోతుల పక్కన ఆయన కూర్చున్న పొద్దులన్నీ లోయవాళ్ళు ఒక్కసారిగా తిరిగిచ్చారు.

డెల్ఫియా కోరుకున్నది తన తండ్రి పక్కన చోటు. అంటే శిఖరం అవతల, వర్జీనియా మట్టి. ఎస్టిల్ ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ కొండెక్కాడు. శిఖరం మీద గార్లండ్ నిలబడిపోయి, "బాబాయ్, అవతల నిన్ను పట్టుకోవచ్చు," అన్నాడు. ఎస్టిల్ వెనక్కి తిరిగి చూశాడు.

"పట్టుకోమనే కదరా రెండు వారాలుగా ఏడుస్తున్నా," అని దిగాడు.

పెట్టె మూత తీసి చూపించారు. ఆయన ఆమె కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా, కొయ్యలా ఉంది. కాసేపు అలాగే పట్టుకుని, "ఇదిగో వచ్చా," అన్నాడు. పాదిరి పాట చరణం చరణంగా అందిస్తుంటే మిగతావాళ్ళు గొంతు సాగదీసి పాడారు. పార మాత్రం ఆయన ఇంకెవరికీ ఇవ్వలేదు. దగ్గుతూ, ఆగుతూ, తానొక్కడే పూడ్చాడు. చుట్టుపక్కల జిన్సెంగ్ నిజంగానే పండి ఉంది. నాలుగు పళ్ళు కోసి కొత్త మట్టిలో బొటనవేలితో నొక్కాడు.

తర్వాత ఇంటివైపు తిరగలేదు. వెస్టా, "బావా, ఎటు?" అని అరుస్తున్నా, మట్టి కాళ్ళతోనే కిందికి, కోర్టువైపు నడిచాడు.

ఈసారి తలుపులు తెరిచే ఉన్నాయి. గుమాస్తా కళ్ళద్దాలు పెట్టుకున్న నడివయసు ఆవిడ. ఎస్టిల్ తన పేరు చెప్పాడు. "మీరు రాలేదు గదా, నేనే వచ్చానమ్మా," అన్నాడు. ఆవిడ బీరువాలో వెతికి, పలచటి ఫైలు ఒకటి తీసింది. తెరిచి, ఆగింది. చీటీకి గుచ్చి, పెన్సిలుతో రాసిన చిన్న కాగితం ఒకటి ఉంది లోపల. ఆవిడ దాన్ని పైకే చదివింది.

"ఎస్టిల్ కాడిల్ గురువారం వచ్చాడు. మంగళవారం గొయ్యి తవ్వుతూ రాలేకపోయాడంట. స్లేట్ వాగులో ఉంటాడంట. కబురు చేస్తే వస్తానన్నాడు."

నేల తుడిచే మనిషి మాట నిలబెట్టుకున్నాడు. కాగితం రాసి, ఇవ్వవలసినచోటే ఇచ్చాడు. ఎవరో దాన్ని గుచ్చి, చదవకుండా మూసేశారు. ఆరేళ్ళు ఎస్టిల్ మాట ఆ ఫైల్లో భద్రంగా పడుకుని ఉంది.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఆయన కాళ్ళవైపు చూసింది. మోకాళ్ళదాకా పచ్చి మట్టి. "ఇప్పుడూ గొయ్యి దగ్గర్నించేనా రావడం?" అంది మామూలుగా.

"అవునమ్మా. ఈసారి నా భార్యది."

ఆవిడ ఫైలు పట్టుకుని జడ్జి గదిలోకి వెళ్ళింది. కాఫీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు, తిరిగొచ్చింది. "కేసు కొట్టేశారు. మీరు వెళ్ళొచ్చు మిస్టర్ కాడిల్. నేను... చాలా బాధగా ఉంది."

"వారెంటు తీసేసినట్టు కొండ అవతలికి, మావాళ్ళకి తెలియాలిగా? ఎన్నాళ్ళు పడుతుంది తల్లీ?"

"తీసేశానండి. ఇదిగో, ఇక్కడ నొక్కితే చాలు, అక్కడ కనిపిస్తుంది. ఒక్క నిమిషం కూడా పట్టదు."

"ఒక్క నిమిషం," అన్నాడు ఎస్టిల్.

వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళకింద మట్టి రాలి నేల పాడవుతోందని చూసుకుని, టోపీతో తుడవబోయాడు. చెయ్యి సాగలేదు. ఆఫీసు మూసేవేళ ఆ గుమాస్తా బయటికి వచ్చి చూస్తే, ఆయన కుడిచెయ్యి ఒళ్ళో తెరిచి పెట్టుకుని ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.